తెలియని రుచికి తెలుగు పేరు: రాంబిల్లి వంటింటి మాటలపై ఒక పరిశీలన

దేశదేశముల వింత వంటకములను వెదకి రుచి చూచుట నేటి కాలమున ఒక వినోదముగను, కొంత వీరకృత్యముగను ఎన్నబడుచున్నది. ఎన్నడును చూడని పండును కొఱికినవాడు, పేరు తెలియని జలచరమును నోట పెట్టుకొన్నవాడు తన సాహసమును పదిమందికి చెప్పుకొనును, వినువారును మెచ్చుకొందురు. కాని యీ సాహసము క్రొత్తది కాదు. తెలుగువాడు మొట్టమొదట మిరపకాయను కొఱికిన దినమొకటి ఉండి తీరవలెను. ఆతడెవరో, ఏ యూరివాడో, కన్నీరు తుడుచుకొనుచు ఏమనెనో ఏ శాసనమును చెప్పదు. ఏ కావ్యమును వర్ణింపదు. రాజుల దండయాత్రలకు తేదీలు కలవు గాని, వంటింట జరిగిన మార్పులకు లేవు.

ఐనను సాక్ష్యము బొత్తిగా లేకపోలేదు. అది భాషలో కలదు. క్రొత్త పదార్థము ఇంటికి వచ్చినపుడు దాని కొక పేరు కావలసివచ్చును. ఆ పేరు పెట్టినవారు పండితులు కారు. అమ్మినవారు, కొన్నవారు, వండినవారు. వారు ఆ పదార్థమును చూచి దేనిని తలచుకొనిరో, ఎవరి చేతినుండి అందుకొనిరో, దేనికి జంకిరో ఆ పేరులో నిలిచియున్నది. తెలుగువారి ఆహారచరిత్రలో తెలియని తిండిని తినుట అరుదైన విషయము కాదనియు, అదియే మన వంటింటికి సహజమైన నడక యనియు, ఆ సంగతికి మన నిత్యవ్యవహారములోని పేర్లే తొలి సాక్షులనియు ఈ వ్యాసమున నిరూపింప యత్నింతుము.

ఈ మార్గమున మాకు ముందు నడచినవారు కలరు. సురవరం ప్రతాపరెడ్డిగారు తమ 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో (1949) కావ్యములనుండి ఆంధ్రుల అన్నపానములను గూర్చిన సామగ్రిని విరివిగా ఏర్చి కూర్చిరి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962 లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు తొలి సంపుటము, వ్యవసాయదారుల నోటి మాటయే శాస్త్రమునకు ఆధారము కాగలదని నిరూపించినది. కావ్యము చెప్పినదానిని వంటింటి మాటతో సరిచూచుట మాత్రమే మేము చేయు పని. అందులకై మే మెన్నుకొన్న స్థలము రాంబిల్లి.

రాంబిల్లి అనకాపల్లి జిల్లాలో యలమంచిలికి చేరువనున్న సముద్రతీర మండలము. 2022 వఱకు ఇది విశాఖపట్టణము జిల్లాలోనిది. ఈ మండలములోనిదే పంచదార్ల. అచ్చటి ధర్మలింగేశ్వరాలయము, మధ్యయుగపు శాసనములు చరిత్రకారు లెఱిగినవే. చెరకునకు, బెల్లమునకు పేరుపడ్డ అనకాపల్లి సమీపముననే యుండుటచే, ఈ యూరి పేరు తినెడి పంచదారనుండి వచ్చినదని క్రొత్తవారు భ్రమపడవచ్చును. అది అచ్చటి అయిదు నీటిధారలను బట్టి కలిగిన పేరు. పేర్లను సాక్ష్యముగా గైకొనువారు ఎంత మెలకువతో ఉండవలయునో ఈ యొక్క యుదాహరణమే తెలుపుచున్నది.

ఈ మండలమున ఒక రైతుకుటుంబములోని వృద్ధురాలిని, మీ పూర్వుల తిండి యేమి, పైదేశములనుండి వచ్చిన దేదైన అందున్నదా యని మే మడిగితిమి. ఆమె నవ్వి, "మా ఇంట పైదేశపు తిండేదీ నేదు బాబూ. చోడంబలి, మిరపకాయ, ఉల్లిపాయ. అంతే" అనెను. ఆమె మాటలో కల్ల లేదు; అది ఆమె యెఱిగిన నిజము. ఐనను ఆ మూడింటిని విడివిడిగా పరిశీలింతము. ఇతర ప్రాంతములవారు రాగులనెడి చోళ్ళు తూర్పు ఆఫ్రికా ఎత్తుభూములలో పుట్టి, చరిత్రపూర్వకాలమున భరతఖండమునకు వచ్చిన ధాన్యము. ఈ తీరమున గంటెలనెడి సజ్జలకు పుట్టినిల్లు పశ్చిమ ఆఫ్రికా. ఉల్లి మధ్య ఆసియాది. మిరప అమెరికాది. ఆ పేదయింటి అంబలిగిన్నె చుట్టును మూడు ఖండములు చేరియున్నవి. పులుసునకు ప్రాణమైన చింతయు ఆఫ్రికా చెట్టే యని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు; అరబ్బులు దానిని 'హిందూదేశపు ఖర్జూర' మని పిలిచిరనగా, అది యెంత పూర్వమే యిచ్చటిదైపోయినదో ఊహింపవచ్చును.

ఇక కావ్యసాక్ష్యమును చూతము. శ్రీనాథుని పేర వ్యాప్తిలోనున్న చాటువులలో ఆతడు కర్ణాట రాజధానికి పోయినపుడు పడిన యిక్కట్టులను చెప్పుకొన్న పద్యము సుప్రసిద్ధము. కుల్లాయి పెట్టుకొని, పెద్ద అంగీ తొడిగి, అలవాటు లేని వెల్లుల్లిని, నువ్వులపిండిని తిని, చల్లయంబలి త్రావితినని ఆతడు కన్నడ రాజ్యలక్ష్మికి మొఱపెట్టుకొనును. పలనాటి జొన్నకూటిని గూర్చిన ఆతని చాటువులును అట్టివే. కర్తృత్వమును గూర్చి సందేహించువారున్నను, ఈ పద్యము లొక సాంఘిక సత్యమును తెలుపుచున్నవి. పదునేనవ శతాబ్దమున తెలుగు కవికి తెలియని తిండి యనగా సముద్రముల కావలిది కాదు. పొరుగు రాజ్యముది, పొరుగు సీమది. మఱియొక విశేషము గమనింపదగినది. కవిసార్వభౌమునకు కష్టముగా తోచిన అంబలి రాంబిల్లి రైతునకు నిత్యాన్నము. వింత తిండి యనునది తినువాని అంతస్తును బట్టియు మారుచున్నది.

పదునాఱవ శతాబ్దపు తొలి పాదమున వెలసిన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువున కొక రీతిగా విందు లొనర్చును. అందు చలికాలపు భోజనమున కారమునకు మిరియము కలదు, మిరపకాయ లేదు. ఇందు ఆశ్చర్యము లేదు. కొలంబసు పశ్చిమ సముద్రమును దాటి అమెరికా దీవులను చేరినది 1492 లో. వాస్కోడగామా కళ్ళికోటకు వచ్చినది 1498 లో. ఆ తరువాత పోర్చుగీసు ఓడలపై అమెరికా పంటలు పడమటి తీరమున దిగినవి. శ్రీకృష్ణదేవరాయల విస్తరిలో ఎఱ్ఱని కారము లేదు. మూడు నాలుగు శతాబ్దులు గడచునప్పటికి అది లేని తెలుగు విస్తరి లేకపోయినది. ఇంత పెద్ద మార్పు ఏ రాజాజ్ఞయు లేకయే జరిగినది.

తెలియని పదార్థమునకు పేరిడుటలో తెలుగువారు అనుసరించిన పద్ధతులు ముఖ్యముగా నాలుగని మాకు తోచినది. మొదటిది సాదృశ్యము. తెలియనిదానికి తెలిసినదానితో చుట్టరికము కలుపుట యిది. మిరియమువలె మండుటచే మిరపయైనది. జొన్నను తలపించుటచే మొక్కజొన్న, శనగను తలపించి భూమిలో కాయుటచే వేరుశనగ, పెండలమువంటి దుంపయై కఱ్ఱవంటి కాండము కలుగుటచే కఱ్ఱపెండలము అయినవి. ఈ నాలుగింటి జన్మస్థానము అమెరికాయే. పేర్లలో మాత్రము ఆ జాడ లేదు. క్రొత్త గింజను చేత పట్టుకొని, "ఇది మన శనగవంటిదే" యని ఒకరు మఱియొకరికి ధైర్యము చెప్పిన మాటయే పేరుగా నిలిచినట్లున్నది.

రెండవది, వచ్చిన చోటును చెప్పు పద్ధతి. ఇందు 'సీమ' యను విశేషణము ప్రధానము. సీమచింత మెక్సికో ప్రాంతపు చెట్టు. సీమపనస పసిఫిక్ దీవులది. రెండింటికిని సీమ యొక్కటే: సముద్రముల కావలి దేశము. కొన్ని ప్రాంతములలో బొప్పాయిని పరంగికాయ యందురు. పరంగి యనగా ఫిరంగివాడు, అనగా పోర్చుగీసువాడు. పొరుగున తమిళమున ఆ పేరే గుమ్మడికాయను చెప్పుచున్నది. రాయలసీమ చీనీకాయ చీనాదేశమును తలపించుచుండగా, కోస్తాలోని బత్తాయి డచ్చివారి జావాద్వీప రాజధానియగు బతావియానుండి వచ్చిన మాట యని పెద్దలు చెప్పుచున్నారు. ఫల మొక్కటే, పేర్లు రెండు. మచిలీపట్టణమునను భీమునిపట్టణమునను డచ్చివారు చిరకాలము వర్తకము చేసిన తీరమున బతావియా పేరు నిలుచుట సహజమే.

ఈ రెండవ పద్ధతి మార్గచరిత్రను కూడ తెలుపుచున్నది. అమెరికానుండి వచ్చిన దుంప యొక్కటియే తెలుగునాట మూడు పేర్లను పొందినది. కోస్తావారికి అది బంగాళాదుంప; వంగదేశమునుండి వచ్చినది. రాయలసీమవారికి ఉర్లగడ్డ, తమిళపు మాటకు దగ్గఱిది. తెలంగాణమువారికి ఆలుగడ్డ, హిందీ ఉర్దూ భాషల 'ఆలూ' దానిలో కలదు. రాంబిల్లిలో మేము విన్నది బంగాళాదుంపయే. ఒక్క దుంప మూడు త్రోవల తెలుగువారిని చేరినదని, ఏ వర్తకుని లెక్కల పుస్తకమును చూడకయే, ఈ మూడు మాటలవలన ఊహింపవచ్చును.

మూడవది, పరభాషా పదమునే గ్రహించుట. అనాస, బొప్పాయి అను మాటలు అమెరికా ఆదివాసుల భాషలలో పుట్టి, పోర్చుగీసు నోట పడి, మనకు చేరినవి. సాదృశ్యము దొరకనంత వింతయైన ఫలములకు ఇట్టి పేర్లు నిలిచియుండవచ్చును. అనాసకు పోలిక తెచ్చుటకు మన తోటలలో నేమున్నది? కొన్నియెడల పరభాషా పదము తెలుగు వేషము వేసికొన్నది. పంపరపనసకు పనసతో ఏ సంబంధమును లేదు. డచ్చివారి 'పంపెల్మూస్' అను మాట చెవికి తెలిసిన పనసగా మారినదని పండితుల యభిప్రాయము.

నాల్గవది, దైవసంబంధమైన పేరిడుట. అమెరికానుండి వచ్చిన ఒకే జాతి ఫలములు సీతాఫలము, రామాఫలము అయినవి. తెలంగాణమున టమాటాకు రామములగ యను పేరును కలదు. పరదేశపు వస్తువునకు ఇంతకంటె నమ్మకమైన యోగ్యతాపత్రము మఱియొకటి యుండదు. ఈ పేరు పండితులనుకూడ తికమక పెట్టినది. క్రీస్తుపూర్వపు భార్హుతు శిల్పములలో సీతాఫలమున్నదని కన్నింగుహాము పందొమ్మిదవ శతాబ్దమున తలచెను. సోమనాథపురపు హొయ్సల శిల్పముల చేతులలోనివి మొక్కజొన్న కంకులని 1989 లో ఇద్దఱు అమెరికా పండితులు వాదించిరి. ఈ వాదములు ఆకర్షకములే కాని, శిల్పములోని ఆకృతి యొక్కటియే ఒక పంట ఉనికిని స్థాపింపజాలదు. కావ్యములలో ఆ పంటల ప్రసక్తి కానరాకుండుట, వాని అడవిజాతులన్నియు అమెరికాలోనే యుండుట చూడగా, అవి పదునాఱవ శతాబ్దము తరువాత వచ్చినవనుటయే యుక్తము.

ఇక ముఖ్యమైన ప్రశ్న. మొట్టమొదట తినినవా రెవరు? నేటి వింతరుచుల వేటను చూచి, నాడును అట్టి కుతూహలపరులే ఈ పని చేసిరని తలచుట పొరపాటగును. రాజుల విందులలోనికి క్రొత్త పండ్లు చేరియుండవచ్చును. కాని కఱ్ఱపెండలమువంటి దుంపను జనసామాన్యము నోటికి తెచ్చినది ఆకలియే. కేరళమున ఈ పంటను వ్యాపింపజేయుటకు 1880-85 నడుమ తిరువిదాంకూరు నేలిన విశాఖము తిరునాళ్ మహారాజు పూనుకొనెను. ఆ దుంపలో విషాంశము కలదు; తగినట్లు తోలు తీసి, ఉడికించి, నీరు పాఱబోయనిచో కీడు కలుగును. తెలుగునాట 1832-33 నాటి నందన కరవు, 1876-78 నాటి ధాత కరవు ఎందఱను అడవి దుంపలకును ఆకులకును తఱిమినవో చెప్పనలవి కాదు. తినదగినదేదో తినరానిదేదో తెలిసికొనుటకు అట్టివారు చెల్లించిన వెల ప్రాణములే. నేడు వినోదమైన సాహసము వారికి విధిలేని పని.

ఈ భయమును, ఈ తెలివిని తనలో నిలుపుకొన్న పేరొకటి రాంబిల్లి తీరపు ఇసుకనేలలలోనే కలదు. అది జీడిమామిడి. పోర్చుగీసువారు బ్రెజిలునుండి తెచ్చిన ఈ చెట్టునకు వారి పేరు కాజు. ఉత్తర భారతమువారు ఆ పేరునే గైకొనిరి. మన తీరమువారు గైకొనలేదు. పండు మామిడి కుటుంబపుదని రంగు, వాసనలవలన గుర్తించిరి. పిక్కలోని నూనె మన యడవులలోని నల్లజీడి నూనెవలె తాకినచోటెల్ల పొక్కించునని గుర్తించిరి. చాకలివారు బట్టలపై చెరగని గుర్తులు పెట్టుటకు వాడినది ఆ నల్లజీడి నూనెనే. ఈ రెండు చెట్లును మామిడితో కూడ ఒకే కుటుంబమునకు చెందినవని వృక్షశాస్త్రము చెప్పుచున్నది. ఆ శాస్త్రమెఱుగని జనులు రెండు మాటలతో ఆ సంగతియే చెప్పిరి. జీడి యనుట హెచ్చరిక. మామిడి యనుట ఆహ్వానము. నేటికిని చేతితో జీడిపిక్కలు కొట్టు స్త్రీల వ్రేళ్ళు నల్లబడి, చర్మము ఊడుచుండును. వారు చేతులకు బూడిద యద్దుకొని పని చేయుదురు. మనము విందులలో నేతిలో వేపుకొని తిను జీడిపప్పు వెనుక ఆ వ్రేళ్ళున్నవి.

వస్తువులు వచ్చుటయే కాదు, మనుష్యులు పోవుటయు జరిగినది. పందొమ్మిదవ శతాబ్దమున ఈ తీరపు జిల్లాలనుండి వేలకొలది జనులు కూలికై మారిషసునకు, రంగూనునకు ఓడలెక్కిరి. కోరంగి రేవునుబట్టి బర్మాలో తెలుగువారికి కోరంగీలను పేరే కలిగినది. 1942 లో జపాను దండెత్తినపుడు ఎందఱో కాలినడకన తిరిగివచ్చిరి. 1962 నాటి సైనిక పాలన పిమ్మట మఱికొందఱు వచ్చి విశాఖపట్టణమున స్థిరపడిరి. వారితో కొబ్బరిపాలలో వండు ఖౌస్వే, చేపల పులుసుతో తిను మొహింగా వచ్చినవి. వీనికి తెలుగు పేర్లు పుట్టలేదు. తెచ్చినవారికి ఆ రుచి వింత కాదు. అది వారు విడిచివచ్చిన ఇంటి భోజనము. తెలిసినదానికి పోలిక అక్కఱలేదు కదా.

ఇంత మార్పులో మారనిది ఏదియు లేదా యను ప్రశ్న కలుగును. ఉన్నది. అది తద్దినపు విస్తరి. ఆచారము తప్పని యిండ్లలో శ్రాద్ధభోజనమునకు మిరపకాయ, బంగాళాదుంప, టమాటా మొదలగునవి నిషిద్ధములు, కారమునకు మిరియమే. పూరీ జగన్నాథుని మహాప్రసాదమునందును ఈ మూడింటిని వాడరు. నిషేధమునకు శాస్త్రకారణము లెవ్వి చెప్పినను, చరిత్రదృష్టితో చూచినచో ఆ విస్తరి 1498 కి పూర్వపు తెలుగు భోజనమునకు దగ్గఱి రూపము. ఆముక్తమాల్యదలోని చలికాలపు విందునకును దానికిని గల పోలిక యాదృచ్ఛికము కాదు.

రాంబిల్లి ప్రాంతమున ఒక పురోహిత కుటుంబమునకు చెందిన వృద్ధురాలు మాతో చెప్పిన మాట యిచ్చట వ్రాయక తప్పదు. "ఆయనకు పచ్చిమిరపకాయ కొఱుక్కోకపోతే మజ్జిగన్నం దిగేది కాదు నాయనా. తద్దినం నాడు మాత్రం మిరియాలే వేస్తాం. ఆయనకి ఇష్టమైనదే పెట్టకూడదా అని మొదటి ఏడు మా అత్తగారిని అడిగాను. పితృదేవతలు తినేదే పెట్టాలమ్మా అన్నారావిడ." బ్రతికినన్నాళ్ళు మిరపకాయ తినిన మనిషి మరణింపగనే మిరపకాయ నెఱుగని పూర్వుల పంక్తిలో కూర్చుండెను. జీవితులకు తెలియనిదానిని తిను హక్కు కలదు. పితరులకు అది లేదు. ఆమె ఆ మాట చెప్పి కన్నులొత్తుకొనెను. మేమును కొంతసేపు ప్రశ్నలు వేయజాలకపోతిమి.

ఈ రెండు ఇండ్ల సాక్ష్యములను కలిపి చూచినచో ఒక సంగతి తేటపడును. 'మన తిండి', 'పరాయి తిండి' యని నేడు తఱచుగా వాదములు జరుగుచున్నవి. మొదటి వృద్ధురాలికి మిరపకాయ మనదే; రెండవ వృద్ధురాలి తద్దినపు విస్తరికి అది నేటికిని పరాయిదే. ఇద్దఱును నిజమే చెప్పినవారు. పరాయిది మనదగుటకు ఐదువందల యేండ్లైనను చాలని చోటున్నది. ఒక్క తరము చాలిన చోటును ఉన్నది. కావున శుద్ధమైన తెలుగు భోజనము ఫలానిదని గీత గీయబూనువారు, ఆ గీతను ఏ శతాబ్దమున గీయుచున్నారో ముందుగా చెప్పవలసియుండును.

నేడును క్రొత్త పదార్థములు వచ్చుచునే యున్నవి. అమెరికా పశ్చిమతీరపు వనామీ రొయ్యను పెంచుటకు మన దేశమున 2009 లో అనుమతి లభించినది; నేడు కోస్తా ఆంధ్రమున వనామీ యనుమాట చెఱువు కూలివాని నోటను వినవచ్చును. డ్రాగన్ పండునకు గుజరాతు ప్రభుత్వము 2021 లో 'కమలము' అని పేరు మార్చినది. సీతాఫలమునకు జనులు చేసినదానిని ఇచ్చట ప్రభుత్వము చేసినది. కాని పెక్కు క్రొత్త వస్తువులు తమ పేరును అట్టపెట్టెపై ముద్రించుకొని యింటికి వచ్చుచున్నవి. వానిని చేత పట్టుకొని, త్రిప్పి చూచి, మనకు తెలిసినదానితో పోల్చి పేరిడు అవసరము తగ్గిపోవుచున్నది. జీడిమామిడివంటి మాట మఱల పుట్టుట కష్టము.

రాంబిల్లి తీరమున నౌకాస్థావర నిర్మాణము, సమీపమున అచ్యుతాపురపు పరిశ్రమలు ఈ ప్రాంతపు జీవనమును వేగముగా మార్చుచున్నవి. ఊళ్ళు కదలినచో మాటలును కదలును. చోడంబలి చుట్టునున్న పదజాలము, జీడిపిక్కల పనివారి మాటలు, మత్స్యకారులు చేపలకిడిన పేర్లు, తద్దినపు వంటల పేర్లు ఊరూర సేకరింపవలసియున్నది. పరిశోధక విద్యార్థులు తమ తమ గ్రామములలో తాము తిను అన్నపుకంచమునుండియే ఈ పని ప్రారంభింపవచ్చును. అడుగవలసిన ప్రశ్న యొక్కటే: దీనికి ఈ పేరెందులకు వచ్చినది? సమాధానము చెప్పగల పెద్దలు ఇంకను మన నడుమ నున్నారు. మా నిర్ణయములలో దోషములున్నచో విజ్ఞులు సవరింతురు గాక.